మోకాళ్ళ మీది బిడ్డ

ఫిబ్రవరి 2, ఆదివారం

చెల్లి వచ్చింది. టీ తాగింది. తాగిన కప్పు తనే కడిగి బోర్లించింది. "పరాయి ఇంటికి వచ్చినట్టు ఆ కప్పు కడగడమేంటే?" అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినదు. చేతులు తుడుచుకుంటూ, బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అక్కా, గది దొరికింది. కిటికీ కూడా ఉంది. బడి తెరిచేలోపు పిల్లని తీసుకెళ్తాను."

నేనేమన్నాను? "అలాగేలే, చూద్దాం" అన్నాను. ఇంకో బిస్కెట్టు తినమన్నాను. 

మా బొంగరం, అదే పిల్ల, అప్పటికి మంచం కింద దాక్కుని ఉంది. "పిన్నీ, నేనెక్కడున్నానో చెప్పుకో!" అని దాక్కున్న చోటునించే అరుస్తోంది. చెల్లి వంగి చూసి, "అయ్యో, ఎక్కడా కనపడట్లేదే" అంటూ ఇల్లంతా వెతికినట్టు నటించింది. పిన్ని అన్న మాట తన చెవిన పడనట్టే ఉంది.

ఆ పిలుపు నేను నేర్పింది కాదు. పిల్లలు విన్నది పట్టుకుంటారు, అంతే.

ఫిబ్రవరి 3

రాయడానికేం లేదు. శనివారం పాఠం తయారు చేసుకోవాలి.

ఫిబ్రవరి 5

చూద్దాం అన్నాను. చూద్దాం అంటే ఇస్తానని కాదు.

అసలు తనకేం తెలుసు పిల్ల సంగతి? పాలగ్లాసు మీద మీగడ కనపడితే ముట్టుకోదని తెలుసా? ఉరిమితే బల్ల కింద కాదు, మా ఆయన చొక్కాలో దూరుతుందని తెలుసా? నెలకి రెండు ఆదివారాలు వచ్చి దాగుడుమూతలు ఆడిపోతే తల్లయిపోతారా!

పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. చెల్లి మొగుడు పని చేసే చోట పరంజా మీదనించి పడి చనిపోయాక మూడో నెలలో కాన్పు. నర్సు బిడ్డను తెచ్చి పక్కన పెట్టబోతే చెల్లి గోడవైపు తిరిగిపోయింది. "ఎవరో ఒకరు పట్టుకోండమ్మా, అవతల ఇంకో కాన్పుంది నాకు" అని విసుక్కుని, నర్సు ఆ గుడ్డల మూటని నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఇనప స్టూలు మీద కూర్చున్నాను. జారిపోతుందేమోనని మోకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చాను. మాకు పెళ్ళయి చాలా ఏళ్ళు. అప్పటిదాకా నా ఒళ్ళో ఎవరూ బిడ్డను పెట్టలేదు. పెట్టడానికి జంకేవారు.

పేరు నేనే పెట్టాను. ఆ పేరుతో ఎవరూ పిలవరు. నడక వచ్చిన దగ్గర్నించీ గది మధ్యలో గిరగిరా తిరిగి కింద పడటమే పని, అందుకని బొంగరం.

చెల్లి ఏడాదికి పైగా మాట్లాడలేదు. మానసిక ఆస్పత్రి, కోలుకునేవాళ్ళ హోము, మళ్ళీ ఆస్పత్రి. "నువ్వు కోలుకునేదాకా నేను చూసుకుంటాలే" అన్నది నేనే. అన్నాను, నిజమే. కోలుకుంటుందని అప్పుడెవరనుకున్నారు?

ఛీ. ఏం రాస్తున్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

చర్చి వెనక హాల్లో క్లాసు. ఆదివారపు బడి టీచర్లందరూ వచ్చారు. కథలు వాళ్ళకి నాకంటే బాగా వచ్చు. ఆ కథలు ఎలాంటి ఇళ్ళల్లో, ఎలాంటి మనుషుల మధ్య జరిగాయో మాత్రం ఊహ లేదు. అది చెప్పడానికే నన్ను పెట్టారు. పోయినేడు ఒకావిడ యేసు ఆఖరి విందు బొమ్మలో ఎత్తు బల్ల, కుర్చీలు, పైన పూల గుడ్డ గీయించింది. "అప్పట్లో పక్కకి ఒరిగి తినేవారమ్మా" అంటే, "అలా చెబితే పిల్లలకి కూర్చుని తినే బుద్ధి ఎలా వస్తుందండీ?" అంది. ఈవిడతో వేగలేక నా తల ప్రాణం తోకకొస్తుంది.

ఇవాళ కాన్పు పాఠం. ప్రసవానికి కూర్చునే రాళ్ళు, మంత్రసానులు, పుట్టగానే బిడ్డను కడిగి ఉప్పు రుద్ది గుడ్డల్లో బిగించి చుట్టడం. ఉప్పు మండదా అని అడిగారు. మండదని ఎవరన్నారు అన్నాను. నవ్వారు.

పోతూ పోతూ ఆ పూల గుడ్డ ఆవిడే అడిగింది, సొలొమోను రాజు ముందు ఒకే బిడ్డ కోసం ఇద్దరు తల్లులు వాదులాడుకున్న పాఠం ఎప్పుడండీ అని.

ఈ ఏడు లేదన్నాను. ప్రతి ఏడూ ఉంటుంది.

ఫిబ్రవరి 11

దొరికింది!

ఇన్నేళ్ళుగా చెబుతున్న సంగతే, నా కళ్ళకి ఇవాళ ఆనింది. బైబిల్లో రాహేలుకి పిల్లల్లేరు. తన దాసి బిల్హాని భర్తకిచ్చి, అది నా మోకాళ్ళ మీద కంటుంది, దాని వల్ల నాకు పిల్లలు కలుగుతారు అంటుంది. యోసేపు మునిమనవలు ఆయన మోకాళ్ళ మీద పుట్టారని ఇంకో చోట. నయోమి తన కోడలు రూతు కన్న బిడ్డను రొమ్ముకి హత్తుకుంటే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నయోమికి కొడుకు పుట్టాడన్నారు. రూతుకి అనలేదు! ఆ చుట్టుపక్కల దేశాల్లో దొరికిన మట్టిపలకల మీద పెళ్ళి ఒప్పందాలున్నాయి. పిల్లలు లేని ఇల్లాలు దాసినిస్తే, దానికి పుట్టిన బిడ్డ ఇల్లాలిదే.

బిడ్డ ఎవరి మోకాళ్ళ మీద పడితే వాళ్ళ బిడ్డ. కన్నది ఎవరన్నది కాదు. ఎత్తుకున్నది ఎవరు, పేరు పెట్టింది ఎవరు. బిల్హా కొడుకులిద్దరికీ పేర్లు పెట్టింది రాహేలే.

ఇనప స్టూలు. నా మోకాళ్ళు. నేను పెట్టిన పేరు.

మా ఆయన నీళ్ళ మోటారేదో విప్పుకుని వరండాలో కూర్చున్నాడు. పాఠం పైకి చదివి వినిపించాను. చేతిలో పని ఆపకుండానే అడిగాడు.

"ఇదెవరి కోసం?"

"క్లాసు కోసం. ఇంకెవరి కోసం?"

"క్లాసుకైతే అంత అరవక్కర్లేదు" అన్నాడు. ఈయనతో ఏదైనా పంచుకోవాలనుకోవడం నాది బుద్ధి తక్కువ.

ఫిబ్రవరి 13

పెద్ద మాస్టారి దగ్గరికి వెళ్ళాను. నాకీ చదువు చెప్పింది ఆయనే. చూపు పూర్తిగా మందగించింది, ఎవరైనా చదివితే వింటారు. విన్నంతసేపూ తల ఊపి, చివర్లో అడిగారు.

"బాగుందమ్మాయీ. ఇది ఖాయమని నీకెవరు చెప్పారు?"

"పలకలున్నాయి కదా మాస్టారూ."

"పలకలు వేరే ఊరివి, వేరే కాలానివి. మోకాళ్ళ మాట దత్తతని కొందరన్నారు. అదేం కాదు, కాన్పులో ఆసరాగా కూర్చోవడమేనని కొందరన్నారు. కావచ్చు అని చెప్పు. తప్పేం లేదు."

"కావచ్చు అంటే టీచర్లకి అర్థం కాదు."

"టీచర్లకా?" అన్నారు. మజ్జిగ తెమ్మని కోడల్ని కేకేశారు.

ఇంటికొచ్చి కావచ్చు అని పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాను.

సాయంత్రం చెల్లి ఫోను. "అక్కా, నీ క్లాసుకి నేనూ రానా? రేప్పొద్దున పిల్లకి కథలు నేనే చెప్పాలి కదా. నాకవేం సరిగ్గా రావు."

రమ్మన్నాను. తనకీ నాలుగు విషయాలు తెలుస్తాయి. అందులో తప్పేముంది?

ఫిబ్రవరి 15, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చెల్లి షెడ్డునించి తిన్నగా వచ్చింది. స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డది. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయి చివరి బెంచీ మీద కూర్చుంది. నేను రాహేలు దగ్గర మొదలుపెట్టాను. పిల్లల్లేని ఆడదాన్ని ఆ కాలం ఎలా చూసిందో చెప్పాను. అందులో నాకు ఎవరి పుస్తకమూ అక్కర్లేదు. గొంతు బాగా పలికింది. తర్వాత మోకాళ్ళు. తర్వాత నయోమి. తర్వాత పలకలు. కావచ్చు అన్న మాట కాగితం మీదే ఉండిపోయింది.

"కాబట్టి ఆనాటి లెక్కలో తల్లంటే కన్నది కాదు. మోకాళ్ళ మీదికి తీసుకున్నది" అన్నాను. చెల్లి వైపు చూడలేదు. చూడలేదని నేననుకుంటున్నాను. పూల గుడ్డ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాను. చివరి బెంచీలో చెయ్యి లేచింది, చిన్నప్పుడు బడిలో ఎత్తినట్టే, మోచెయ్యి రెండో చేత్తో పట్టుకుని.

"టీచరుగారూ" అంది. అందరి ముందు అక్క అనకూడదనుకుంది కాబోలు. "బిల్హాని ఎవరైనా అడిగారాండీ?"

"ఏమని?"

"అదే, ఇస్తావా అని."

"ఆమె దాసి. ఆ కాలంలో దాసిని అడగడమనేది లేదు" అన్నాను.

"అలాగాండీ. మరి ఆ పిల్లలు బిల్హాని ఏమని పిలిచేవారు?"

ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. ఆ పిల్లలు ఆమెను ఏమని పిలిచారన్నది నాకెప్పుడూ తట్టలేదు.

"గ్రంథంలో లేదు" అన్నాను.

"ఊరికే, తెలియక అడిగానండీ" అని కూర్చుంది. ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే నాకు ఒళ్ళు మండింది.

ఫిబ్రవరి 17

అందరి ముందు నా పరువు తీసింది.

నాలుగేళ్ళు కళ్ళల్లో పెట్టుకుని పెంచితే, నేనేదో దాసీ పిల్లని లాక్కున్నట్టు! నేను అడగలేదా? అడిగాను. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి, "పిల్లని ఇంటికి తీసుకెళ్ళనా?" అని అడిగాను.

అది గోడవైపే చూస్తోంది. నేను దాన్నే అవునని అనుకున్నాను.

ఫిబ్రవరి 18

ఆయన అడిగాడు, పప్పు మాడిందేంటి అని. మాడితే మాడింది.

ఫిబ్రవరి 20

బిల్హా కోసం వెతికాను. ఆమె కనిపించే చోట్లన్నీ వరసగా చదివాను. ఆమెను రాహేలు తండ్రి తన కూతురికిచ్చాడు. కూతురు భర్తకిచ్చింది. గర్భవతి అయింది. కన్నది. మళ్ళీ కన్నది. వేరే వాళ్ళు ఆనందించారు, వేరే వాళ్ళు పేర్లు పెట్టారు. ఇచ్చారు, తీసుకున్నారు, కన్నది. అంతే. ఒక్క చోట కూడా బిల్హా ఇలా అన్నది అని లేదు.

రాహేలు ఏడుపు మాత్రం ఉంది. అది నాకు నోటికొచ్చు.

నేను ఈ పాఠం ఎప్పుడు చెప్పినా రాహేలు పక్కనే నిలబడి చెప్పాను. గుడారంలో ఇంకో ఆడది కూడా ఉందని తెలియక కాదు. ఆవిణ్ణి చూస్తే నాకు పాఠం నడవదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

చెల్లి వచ్చింది. క్లాసు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. షెడ్డులో మిగిలిన ముక్కలతో బొమ్మకి గౌను కుట్టి తెచ్చింది.

బొంగరం సంబరంతో గది మధ్యలో తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి బీరువా అంచుకి నుదురు కొట్టుకుంది. చెల్లి రెండడుగుల దూరంలో ఉంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. చెల్లి మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. పిల్ల ఏడుస్తూ లేచి, ఆ చేతుల పక్కనించి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. "అమ్మా, దెబ్బ!"

నేను గెలిచాను. ఇన్ని రోజులూ నేను కోరుకుంది ఇదేగా. నుదుటి మీద తడిగుడ్డ పెడుతూ పిల్ల భుజం మీదనించి చూశాను. చెల్లి చేతులు ఇంకా అలాగే చాపి ఉన్నాయి. తర్వాత మెల్లిగా దించి, కింద పడిన బొమ్మని తీసి దాని గౌను సరిచేసింది. బొమ్మ గౌను సరిచేస్తూ అలాగే చాలాసేపు కూర్చుంది.

"ఐసు పెట్టక్కా, బొప్పి కట్టదు" అంది.

దేవుడా, ఏం చేశాను నేను దీన్ని.

ఫిబ్రవరి 24

ఇవాళ బొంగరానికి కొత్త మాట నేర్పడం మొదలుపెట్టాను.

"పిన్ని కాదే, అమ్మ. నిన్ను కన్నమ్మ."

"మరి నువ్వెవరు?"

"పెద్దమ్మని."

"పెద్దమ్మంటే?"

"అమ్మకి అక్క."

"వద్దు. నువ్వే అమ్మ. పిన్నిని పెద్దమ్మ చేద్దాం" అంది. పైగా తనే నాకు సాయం చేస్తున్నట్టు నా గడ్డం పుచ్చుకుంది.

అదిగో పిన్ని వచ్చింది అని వేలు పెట్టి చూపించినంత తేలిగ్గా లేదు ఇది.

ఫిబ్రవరి 27

ఇంకా పిన్నే.

మార్చి 1, శనివారం

క్లాసు ముందు నిలబడి, మోకాళ్ళ సంగతి కావచ్చు గానీ ఖాయం కాదు అని చెప్పాను. పోయినసారి ఖాయమన్నట్టు చెప్పాను, అది నా తప్పన్నాను. పూల గుడ్డ ఆవిడ నొచ్చుకుంది. "అయ్యో, నాకదే నచ్చిందండీ" అంది. నాకూ అదే నచ్చిందమ్మా.

చెల్లి రాలేదు. శనివారాలు రాత్రిదాకా కుట్టు పని పెట్టారట.

మార్చి 9

చెల్లికి నేనే ఫోను చేశాను. బడి తెరిచేదాకా ఆగక్కర్లేదు, నీ గది సర్దుకోవడమైతే ఈస్టర్ కంటే ముందే తీసుకెళ్ళు అన్నాను. లైను తెగిందనుకుని హలో హలో అంటున్నాను.

"ఉన్నానక్కా" అంది. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. ముక్కులు చీదుకోవడం తప్ప.

మార్చి 22, శనివారం

హన్నా పాఠం. ఈసారి చెల్లి వచ్చింది, టేపు మెడలోనే ఉంది.

హన్నా ఎన్నో ఏళ్ళు ఏడ్చి బిడ్డను అడిగింది, పుడితే దేవుడికే ఇచ్చేస్తానంది. పుట్టాడు. పాలు మరిచేదాకా నా దగ్గరే ఉంచుకుంటానంది. ఆ కాలంలో రెండేళ్ళు, మూడేళ్ళ దాకా పాలిచ్చేవారు. పాలు మాన్పించిన రోజు కొన్ని ఇళ్ళల్లో విందు చేసేవారు, ఎందుకంటే అందాకా బతికి బట్టకట్టే పిల్లలు తక్కువ. హన్నా ఇంట్లో ఆ విందంటే మాత్రం పిల్లాణ్ణి షిలోహు మందిరానికి తీసుకెళ్ళే రోజు దగ్గరపడటం.

ఆ తర్వాత సంగతి. ఏటేటా కొడుకు సమూయేలుకి చిన్న అంగీ ఒకటి తీసుకెళ్ళేది. అంగీ అంటే అంగట్లో కొనుక్కొచ్చేది కాదు. గొర్రెబొచ్చు శుభ్రం చేసి, కదురు తిప్పి నూలు తీసి, మగ్గం మీద నేయాలి. నూలు తీయడమే నెలల పని. అంటే కొడుకు ఇంట్లో లేని ఏడాదంతా ఆమె చేతులు కొడుకు పని మీదే ఉన్నాయి.

ఒక టీచరు అడిగింది. "చూడకుండా కొలత ఎలా తెలిసేదండీ?"

"అక్కడ రాసి లేదు. నా ఊహ చెబుతాను, ఊహే సుమా. ఊళ్ళో అదే ఈడు పిల్లాణ్ణెవరినో నిలబెట్టి కొలుచుకుని ఉంటుంది."

చెల్లి అవునన్నట్టు తలూపింది. కుట్టేవాళ్ళకి ఆ మాట నచ్చినట్టుంది.

నేను బిడ్డను దేవుడికేం ఇవ్వడం లేదు. నాది కానిది తిరిగిస్తున్నాను. హన్నాతో పోల్చుకోవడానికి నాకేం హక్కుంది? అయినా పోల్చుకుంటున్నాను. మనసుకి సిగ్గు లేదు.

ఏప్రిల్ 5

తీసుకెళ్ళింది.

ఏప్రిల్ 6

ఆటో కదిలేదాకా బొంగరం నవ్వుతూనే ఉంది. కొత్త గది చూడబోతున్నానని. మలుపు దగ్గర తల బయటికి పెట్టి, "అమ్మా, నువ్వు తొందరగా వచ్చేయ్" అంది. ఇద్దరమ్మల్లో ఎవరికి చెప్పిందో చెల్లికీ తెలుసు.

ఏప్రిల్ 8

వెళ్ళేముందు చెల్లి నా చెయ్యి పట్టుకుని అడిగింది. "కొన్నాళ్ళు రాకక్కా. నిన్ను చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కుదురుకున్నాక నేనే కబురు చేస్తాను." న్యాయమే. నేనామె స్థానంలో ఉంటే గుమ్మం కూడా తొక్కనిచ్చేదాన్ని కాదు.

ఏప్రిల్ 13

ఆయన పిల్ల మంచానికి కట్టిన అడ్డకర్ర విప్పాడు. పడిపోకుండా ఉంటుందని తనే కట్టాడు. ఒక్కో మేకూ తీసి డబ్బాలో వేసుకున్నాడు. "మంచి కర్ర, ఎందుకైనా పనికొస్తుంది" అన్నాడు. తర్వాత ఆ కర్రని పట్టుకుని వరండాలో ఊరికే నిలబడ్డాడు.

ఇన్నాళ్ళూ నా ఏడుపు నాదే అయింది. ఈ మనిషి చొక్కాలో పిల్ల దూరే రోజులు పోయాయని నాకు ఇప్పటిదాకా తోచనే లేదు. పక్కన వెళ్ళి నిలబడ్డాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

చర్చికి వెళ్ళాం. వచ్చాం.

మే 11

కబురు లేదు.

మే 30

పిల్ల బాగానే ఉందా, మీగడ తీసే పాలిస్తోందా, ఉరిమితే ఎక్కడ దూరుతోంది?

జూన్ 17

బడి తెరిచారు. బజారులో ప్రతి పిల్ల వేసుకున్న యూనిఫారమూ చెల్లి చేతిలోంచి వచ్చిందేమో అనిపిస్తోంది. ఎండలో నిలబడి పిల్లల గౌన్ల కుట్టు చూస్తున్నాను. జనం పిచ్చిదనుకుంటారు. అనుకోనీ.

జూన్ 29

గౌను కుడుతున్నాను. నాకు కుట్టు రాదు. గుండీ ఊడితే ఆయనే కుట్టుకుంటాడు. అయినా సరే. లేత పసుపు బట్ట, తిరిగినప్పుడు గొడుగులా విచ్చుకోవాలని కింద బాగా కుచ్చులు. బీరువాలో ఉండిపోయిన పాత గౌను కొలతకి పెట్టుకున్నాను. వేలికి సూది గుచ్చుకున్నప్పుడల్లా హాయిగా తిట్టుకుంటున్నాను.

జూలై 20

అయిపోయింది. ఒక చెయ్యి పెద్దది, ఒకటి చిన్నది. అయినా గౌనులాగే ఉంది.

కబురు లేదు.

ఆగస్టు 3, ఆదివారం

"వచ్చే ఆదివారం రాక్కా. బావగారిని కూడా తీసుకురా" అంది చెల్లి ఫోనులో. వెనకనించి ఎవరో పాట పాడుతున్నారు. తప్పుల తడక. నేను నేర్పిన పాటే.

ఆగస్టు 10, ఆదివారం

మెట్లెక్కాం. తలుపు కొట్టాను. లోపల్నించి పరుగు.

తలుపు తీసింది. నన్ను చూసింది. ఒక్క క్షణం నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఏ మాట వస్తుందా అని ఆ నోటివైపే చూశాను. అప్పుడు వెనక్కి తిరిగి, గది మొత్తం అదిరేలా అరిచింది.

"అమ్మా! పెద్దమ్మొచ్చింది! పెదనాన్న కూడా!"

నేను నేర్పిన మాటే. నేర్పింది నేనే అయినా, ఎక్కడో తగిలింది. తగిలిన చోట ఇంకా నొప్పిగానే ఉంది, ఇది రాస్తుంటే కూడా.

కిటికీ ఉన్న గదే. కుట్టు మిషను కిటికీ కింద పెట్టుకుంది. పాలగ్లాసు మీద మూత, మూత పక్కన స్పూనులో తీసిపెట్టిన మీగడ. అడక్కుండానే తెలుసుకుంది. బొంగరం వాళ్ళ పెదనాన్న జేబులు వెతకడం మొదలుపెట్టింది. ఆయన నవ్వుతూనే కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, రెండుసార్లు.

గౌను తీశాను. తొడిగితే మోకాళ్ళ పైన ఆగిపోయింది. చంకల దగ్గర బిగిసింది. నాలుగు నెలల్లో ఇంత పొడుగైపోతుందా! క్లాసులో అంత గొప్పగా చెప్పాను, అదే ఈడు పిల్లాణ్ణి నిలబెట్టి కొలుచుకుని ఉంటుందని. నేను మాత్రం వెళ్ళిపోయిన పిల్లకే కుట్టాను. మా వీధిలో ఆ ఈడు పిల్లలు లేకనా?

"ఊరికే తెచ్చాలే. బొమ్మకి వేసుకుంటుంది" అన్నాను.

చెల్లి గౌను విప్పించి లోపలి వైపు తిప్పి చూసింది. నా కుట్టు చూసి పెదవి బిగించింది, నవ్వు ఆపుకోవడానికి. "లోపల బట్టేం వదల్లేదేంటక్కా? విప్పి పొడుగు చేయడానికి వీల్లేదు."

"తెలియదే నాకు."

"సరే ఉండు" అని, షెడ్డు ముక్కల్లోంచి నీలం గుడ్డ తీసి కింద పట్టీలా వేసింది. చంకల దగ్గర విప్పి ఇంకో ముక్క అతికింది. మిషను చప్పుడు అవుతున్నంతసేపూ బొంగరం నా ఒళ్ళో కూర్చుని కాళ్ళూపింది. బరువెక్కింది. మోకాళ్ళు దగ్గరికి చేర్చలేదు. ఎప్పుడు దిగాలనిపిస్తే అప్పుడు దిగుతుందని అలాగే కూర్చున్నాను. మిషను ఆగగానే దిగి పరిగెత్తింది.

పసుపు మీద నీలం. గది మధ్యలో గిరగిరా తిరిగింది. పడబోయే ముందు చేతులు చాపింది, వాళ్ళమ్మ వైపు.

వచ్చేటప్పుడు కప్పు కడగబోయాను. చెల్లి లాక్కుంది. "పరాయి ఇంట్లోలాగా కప్పు కడగడమేంటే!" అంది నా గొంతులాగే. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో నేనే అడిగేశాను.

"వచ్చే ఏటికి కొలత ఇస్తావా?"

మెడలో టేపు తీయబోయి ఆగింది. "వద్దక్కా. ఇవాళ్టి కొలత అప్పటికి పనికిరాదు. నువ్వు ఊహించి కుట్టుకురా. సరిపోకపోతే నేనున్నానుగా, సరిచేస్తాను."

ఆగస్టు 11

పాఠం తయారు చేసుకోవాలి. చేసుకోలేదు. ఆకుపచ్చ బట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పరిచాను. ఎంత పెరుగుతుందో నాకు తెలియదు. కొంచెం ఎక్కువే కత్తిరించాను.